సాగిన గొంతు

పెద్ద డ్రమ్ము చప్పుడు చేస్తుందని లాండ్రీలో అందరికీ తెలుసు. ఆ చప్పుడులో పాట ఉందన్న సంగతి చెవులపిల్లికి ఒక్కదానికే తోచింది. అసలు తోచకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ పిల్లకి అసలు పేరు లేకపోలేదు. లాండ్రీలో పని అయిపోగానే తలకాయంత హెడ్‌ఫోన్లు తగిలించుకుని నడిచేది కనుక ఇస్త్రీ హాల్లో ఆడవాళ్ళు చెవులపిల్లి అన్నారు, అదే నిలిచిపోయింది. "చెవులపిల్లి వస్తోంది, కారట్లు దాచుకోండే" అని ఒకామె అంటే, "కారట్లెందుకు, ప్లగ్గు చూపిస్తే చాలు, అక్కడే కూలబడుతుంది" అనేది ఇంకొకామె. ఆమె నవ్వి ఊరుకునేది. మాట్లాడటం కంటే వినడమే ఆమెకి తేలిక.

ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ దుప్పట్లు మూటలు మూటలుగా ఆ లాండ్రీకి వచ్చేవి. ఉతికాక వాటిని పిండే గదులు రెండు, మధ్యలో ఒకటే గోడ. ఒక్కో గదిలో ఒక్కో ఉక్కు డ్రమ్ము. తడి దుప్పట్లు అందులో సమంగా సర్ది, మూత బిగించి, మీట వేస్తే అది గిర్రున తిరిగి నీళ్ళన్నీ విసిరేస్తుంది. నీళ్ళు పోయాక దానంతట అదే ఆగుతుంది. మోటారు నుంచి డ్రమ్ముకి ఒక వెడల్పాటి పాత బెల్టు. దానికి ఒకచోట ఇనప క్లిప్పులతో అతుకు. అతుకు చక్రం మీదికి వచ్చిన ప్రతిసారీ టక్కుమనేది. టక్, టక్, టక్, టక్ అని గోడ అవతలికి కూడా వినపడేది.

రెండో గదిలో డ్రమ్ము నడిపేది పొడుగామె. మొదటి గదిలో చెవులపిల్లి పిన్ని. అమ్మ పోయాక ఆ పిల్లని పెంచింది పిన్నే. డ్రమ్ముకీ వెనక గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంటుంది. మీట అక్కడే, మూత తీసేదీ అక్కడి నుంచే. రోజంతా పిన్ని ఆ సందులోనే నిలబడేది. బయటికి రావాలంటే బెల్టు పక్క నుంచి ఒదిగి రావాల్సిందే.

అక్కడ నిలబడి పిన్ని ఒక రాగం తీసేది. మాటల్లేవు, ఊఁ అంటూ ముక్కులోంచి తీయడమే. ఆవిడకి తాళంతో పనిలేదు. బెల్టు దారి బెల్టుది, ఆవిడ దారి ఆవిడది. కానీ డ్రమ్ము ఒక విడత తిరిగి ఆగేసరికి ఆ రాగం సరిగ్గా రెండుసార్లు పూర్తయ్యేది. రెండోసారి ముగించి ఆవిడ ఊపిరి వదలడం, డ్రమ్ము నిలబడటం ఒక్కసారే జరిగేవి. "ఈవిడ జలుబు చేసి పడుకుంటే డ్రమ్ముకి ఆగడం తెలియదు" అని ఇస్త్రీ హాల్లో నవ్వుకునేవారు.

చెవులపిల్లి పాటల పిచ్చి మొదలైంది ఒక పాత ల్యాప్‌టాప్‌తో. ఫోన్లు బాగుచేసే కొట్టతను మూల పడేసిన దాన్ని దులిపి ఇచ్చాడు. దానికి స్పేస్ మీట పనిచేయదు. పాట మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా అందరూ నొక్కేది ఆ మీటే కనుక, ఆమె ప్రతిసారీ తెర మీద చిన్న త్రికోణాన్ని వెతికి పట్టుకోవాలి. ఉచితంగా దొరికే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకుంది. తెరిస్తే అన్నీ బూడిదరంగు గడులు, లెక్కలేనన్ని బటన్లు. ఆ పూటంతా ఏది నొక్కినా చుక్క శబ్దం రాలేదు. ఆఖరికి చూసుకుంటే స్పీకరు కట్టేసి ఉంది.

దారి చూపించింది వీడియో మాస్టారు. ఆయన మొహం ఎవరూ చూడలేదు. వీడియోల్లో కనిపించేది రెండు చేతులూ, ఒక తెరా. "సంగీతం రాదని భయపడకండి, నాకూ రాదు" అనేవాడు. "వాయిద్యాలు కొనక్కర్లేదు. చుట్టూ ఉన్న చప్పుళ్ళు ఫోన్లో పట్టండి. తలుపు వేయండి, గిన్నె కొట్టండి, అదే మీ డ్రమ్ము. ముక్కలు కోయండి, గడుల్లో పేర్చండి, మళ్ళీ మళ్ళీ తిప్పండి. అంతే, మీరు సంగీత దర్శకులు."

ఆమె మూకుడు మీద గరిటెతో కొట్టింది. బీరువా తలుపు వేసింది. కుళాయి చుక్కలు పట్టింది. అన్నీ పేర్చి తిప్పితే పిన్ని చెవులు మూసుకుంది.

"ఏమే, ఇది పాటా? మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టుంది."

"నేర్చుకుంటున్నా పిన్నీ."

"నేర్చుకో, నేర్చుకో. నువ్వు నేర్చుకునేలోపు నా మూకుడికి చిల్లు పడుతుంది."

ఒకరోజు పనిలో ఉండగా ఆమెకి బెల్టు టక్కుమనడం కొత్తగా వినపడింది. ఇన్నాళ్ళూ గడుల్లో తను పేర్చలేక సతమతమవుతున్న తాళం అక్కడ ఎవరూ పేర్చకుండానే వచ్చి కూర్చుంది. ఫోను తీసి పిండే గది గుమ్మం దగ్గర పెట్టింది. డ్రమ్ము ఒక విడత తిరిగింది. వెనక పిన్ని రాగం కూడా పడింది.

ఇంటికొచ్చి మాస్టారు చెప్పినట్టే చేసింది. ఆ టక్ టక్ ఎంత వేగంగా ఉందో పాట వేగం అంతే పెట్టింది. ఫైలు లోపలికి లాగగానే తెర మీద చిన్న డబ్బా తెరుచుకుంది. లోపలికి తెచ్చే ఫైళ్ళ వేగాన్ని పాట వేగానికి సరిపెట్టమంటారా అని అడిగింది. సరిపోవడం కంటే కావలసింది ఏముంది? అవునని నొక్కింది. ఇకపై ఈ ప్రశ్న అడగొద్దు అని కింద ఇంకో గడి ఉంది. అడిగిందే అడిగించుకోవడం ఆమెకి నచ్చదు. అదీ నొక్కింది.

ఆ సాయంత్రం తొలిసారి ఆమె చేసింది పాటలా వినపడింది. పిన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "ఇది నా గొంతే! అచ్చం మా అక్కలా ఉందే" అంది. ఇంకోసారి పెట్టమంది.

ఆ తర్వాత ఊళ్ళో కొత్త ఆసుపత్రి ఒకటి లాండ్రీ ఖాతాలో చేరింది. మూటలు మునుపటికి రెట్టింపయ్యాయి. సూపర్‌వైజరు ఎవరినో తీసుకొచ్చి పిండే గదుల బయట గోడకి చెరో డబ్బా బిగించాడు. వాటికి తాళం. తాళంచెవి ఆయన నడుముకి వేలాడే గుత్తిలో.

"ఏంటయ్యా ఇవి?" అని అడిగాడు నూనె తాత. ఆయన లాండ్రీ మెకానిక్. నూనె డబ్బా చేతిలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

"కరెంటు ఆదా అవుతుంది తాతా. నీకెందుకు, నువ్వు నూనె పోసుకో."

కొన్నాళ్ళకి భోజనం దగ్గర పిన్ని అంది, "ఈమధ్య నా రాగం మిగిలిపోతోందే."

"మిగలడమేంటి పిన్నీ?"

"రెండోసారి సగంలో ఉండగానే డ్రమ్ము ఆగిపోతోంది. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టుంది."

చెవులపిల్లి నవ్వింది. "నువ్వే సాగదీస్తున్నావేమో." ఊరికే అన్న మాట. పిన్ని కూడా నవ్వింది కానీ, కంచంలో చెయ్యి కాసేపు కదల్లేదు.

ఆ వారమే నూనె తాత కుళాయి దగ్గర చెవులపిల్లిని ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. తగ్గించానని ఆయన అనుకున్నాడు గానీ, గట్టిగానే వినపడింది.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు. నా చెవులు పోతున్నాయి."

"తెలుసు తాతా."

"తెలుసా? ఎలా తెలుసు?"

"ఎవరు మాట్లాడినా పెదాలు చూస్తున్నావుగా."

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు."

తాత నూనె డబ్బాని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ డబ్బాలు పెట్టినప్పటి నుంచి నాకు మనసు బాలేదు తల్లీ. వాడు డ్రమ్ముల వేగం పెంచుతున్నాడని అనుమానం. అడిగితే ఆ డబ్బా అద్దంలో కనపడే అంకె చూడమంటాడు. ఆ అంకె ఎప్పుడు చూసినా అదే. ఒకప్పుడైతే వీధిలో నిలబడి చెప్పేసేవాణ్ణి, ఇప్పుడు చెవుల్లో దూది కుక్కినట్టుంది. నీ దగ్గర మునుపటి చప్పుడు ఉందన్నావుగా? ఇప్పటిదీ పట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే చెప్పు, వాడి పీక మీద కూర్చుని ఆపిస్తాను. అది ముసలి డ్రమ్ము. హద్దు దాటి తిప్పితే ఆ సందులో నిలబడ్డ మనిషికి..."

మాట పూర్తి చేయలేదు. ఆ సందులో నిలబడేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆమె డ్రమ్ము చప్పుడు మళ్ళీ పట్టింది. సెలవు పూట తలుపేసుకుని కూర్చుని కొత్త ఫైలుని లోపలికి లాగింది. సాఫ్ట్‌వేర్ ఏమీ అడగలేదు. పాతది పైన, కొత్తది కింద పెట్టింది. తెర మీద టక్కుమన్న చోటల్లా ఒక ముల్లు లేస్తుంది. పై వరస ముళ్ళ కింద కింది వరస ముళ్ళు దువ్వెన మీద దువ్వెన పెట్టినట్టు కూర్చున్నాయి. రెండూ కలిపి వాయించింది. ఒకటే వినపడింది. మళ్ళీ వాయించింది. కళ్ళు మూసుకుని మళ్ళీ వాయించింది. అడుగున గుంయ్‌మనే మోత మాత్రం కాస్త పైకెక్కిందా అనిపించింది. అయితే అడుగు మోత ఉంటే పాట బురదలా ఉంటుందని, దాన్ని ఎప్పుడూ తీసేయాలని మాస్టారు చెప్పాడు. తీసేసింది.

తేడా ఉన్నది ఇంకోచోట. కొత్త ఫైల్లో పిన్ని గొంతు బరువుగా ఉంది. రాగంలో ఒక్కో మెట్టూ దిగడానికి ఆవిడకి ఎక్కువ సేపు పడుతోంది. పాత దానిలో చటుక్కున తిరిగే మలుపు ఇందులో నీళ్ళలో నడిచినట్టు తిరుగుతోంది. పిన్ని చెప్పిన సంగతికి అర్థం ఇదా? డ్రమ్ము ముందుకి పోవడం లేదు. పిన్నే వెనకబడుతోంది.

మర్నాడు తాత ఎదుట నిలబడి, పెదాలు కనపడేలా చెప్పింది. "వెంట్రుకవాసి తేడా లేదు తాతా. అదే వేగం."

"నిజంగా?"

"కలిపి విన్నాను. ఒక్కటే."

తాత మొహం మీద ముడతలన్నీ వదులయ్యాయి. "పోనీలే. ముసలాణ్ణి కదా, భయం ఎక్కువ. నువ్వు చెప్పాక ఇంక నిద్ర పడుతుంది."

ఆ మాట ఎలా పాకిందో సూపర్‌వైజరు దాకా పాకింది. అందరి ముందూ ఆయన, "ఏం తాతా, కంప్యూటరే చెప్పిందట! ఇంక నీ చెవులు ఎవరికైనా అద్దెకిచ్చుకో" అన్నాడు. ఇస్త్రీ హాలంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు, మాట వినపడకపోయినా.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. చెవులపిల్లి రెండు ఫైళ్ళూ పిన్నికి వినిపించింది.

"ఇది అప్పటిదా?"

"ఊఁ."

"ఇది ఇప్పటిదా?"

"ఊఁ."

పిన్ని హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అలా ఉన్నానా నేను? నాకు తెలియలేదే. మామూలుగానే పాడుతున్నాననుకుంటున్నా."

"అలసట పిన్నీ. డాక్టరుకి చూపిద్దాం."

డాక్టరు నాడి చూశాడు, కళ్ళు చూశాడు, గుండె విన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయంటూనే బలానికి మాత్రలు రాశాడు. ఆ బాగుండటమే పిన్నిని ఇంకా భయపెట్టింది. పేరు కూడా లేని జబ్బు ఏదో లోపల చేరిందనుకుంది. పనిలో ఆదరాబాదరా మొదలుపెట్టింది. డ్రమ్ము పూర్తిగా నిలవకముందే మూత మీద చెయ్యి వేసేది. ఒకప్పుడు ముందుగా సర్దుకుని చేతులు కట్టుకుని నిలబడే మనిషి, ఇప్పుడు తడి దుప్పట్లు గుండెకి హత్తుకుని డ్రమ్ముని ఆనుకుని ఉండేది, మళ్ళీ వెనకబడతానేమోనని. రాగం మాత్రం మానలేదు. మానితే నిజంగా జబ్బుపడ్డట్టే అనేది.

అక్కడక్కడ చిన్నచిన్నవి కనపడసాగాయి. పిన్ని పక్కన బకెట్లో నీళ్ళు, ఎవరూ ముట్టుకోకపోయినా వలయాలు వలయాలుగా వణికేవి. ఉతికిన దుప్పట్ల మీద సున్నం పొడి రాలేది. ఒకరోజు సందులో బొటనవేలంత నట్టు దొరికితే పిన్ని కొంగున కట్టుకొచ్చి తాతకి ఇచ్చింది. తాత దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చెవులపిల్లి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, వేగంలో తేడా లేదని. తాత నట్టుని దాని చోట బిగించేసి వచ్చాడు.

ఆమె మాత్రం వారం వారం డ్రమ్ము చప్పుడు పడుతూనే ఉంది. పిన్ని గొంతు ఎంత నెమ్మదిస్తోందో చూసుకోవడానికి అనుకుంది. అదొక్కటే కారణం కాదు. ఆ గొంతు పాటలో చాలా బాగుంది. వారం వారం అది సాగుతోంది. ఒక్కో ఊఁ బావి అడుగు నుంచి పైకి వస్తున్నట్టు, పైకి రాకుండానే మళ్ళీ దిగిపోతున్నట్టు ఉంది. కింద మాత్రం టక్, టక్, టక్, టక్, చెక్కు చెదరకుండా. ఆ గొంతులన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చింది. పాట మొదట్లో పిన్ని నడుస్తుంది, చివరికి వచ్చేసరికి పాకుతుంది. పక్క వాటాలో ఉండే టైలరమ్మకి వినిపిస్తే సగంలోనే ఆపేయమంది. "బాగుందే తల్లీ, కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇది పెట్టకు."

పాట పూర్తయిందనిపించాక, ఒక సెలవు పూట పొద్దున్న దాన్ని మాస్టారు వీడియో కింద పంపింది. పిన్నికి ఆరోజు సెలవు లేదు. డబ్బాలో భోజనం పెట్టుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మాస్టారు దగ్గర నుంచి జవాబు వచ్చింది.

"అదిరింది. మొదటి పాటకి ఇంత పని ఎవరూ చేయరు. ఆ గొంతుని భలే సాగదీశారు. ఎంత సాగదీశారో చెప్తారా?"

ఆమె రాసింది, "నేనేమీ చేయలేదండీ. అది మా పిన్ని. ఆవిడ పాడటమే అలా పాడుతోంది."

"కాదండీ. అది మనిషి సాగదీసింది కాదు, మెషిన్ సాగదీసింది. ఊపిరి తీసుకున్న చోట వినండి, ఊపిరి కూడా సాగింది. మీరు ఆటో సింక్ పెట్టి ఉంటారు. లోపలికి ఏ ఫైలు తెచ్చినా దాన్ని లాగో నొక్కో పాట వేగానికి తెచ్చేస్తుంది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పే. అది తీసేసి వినండి."

ఆమె ఆ బటన్ ఎక్కడుందో చాలాసేపు వెతికింది. దొరికింది. నొక్కింది. త్రికోణాన్ని పట్టుకుని వాయించింది.

పిన్ని పాడింది. గలగలా, చటుక్కున మలుపు తిరుగుతూ, ఎప్పుడూ పాడినట్టే పాడింది. పాత ఫైల్లోనూ ఆ గొంతే, నిన్న మొన్నటి ఫైల్లోనూ ఆ గొంతే. వెనక బెల్టు మాత్రం టకటకటకటక పరిగెడుతోంది. రెండు వరసల ముళ్ళూ చూసింది. దువ్వెన మీద దువ్వెన లేదు. పై వరసలో ఒక ముల్లు లేచేలోపు కింది వరసలో దాదాపు రెండు లేస్తున్నాయి.

నెమ్మదించింది పిన్ని కాదు.

ఆమె పిన్నికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. ఆ గదిలో ఫోను మోగితే ఎవరికి వినపడుతుంది? తాతకి చేసినా అంతే. చెప్పులు వేసుకోవడం మరిచి వీధిలో పడింది.

లాండ్రీ రెండు వీధుల అవతల. మలుపు దగ్గరికి రాగానే ఆ చప్పుడు వినపడింది. రోజూ అదే మలుపులో హెడ్‌ఫోన్లు తగిలించుకునే నడిచేది కనుక అక్కడి దాకా వినపడుతుందని కూడా ఆమెకి తెలియదు. టక్కులు విడివిడిగా లేవు. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"సెలవు పూట కూడా వచ్చావేమే, పిన్ని మీద బెంగా?" అంది ఇస్త్రీ హాల్లో ఒకామె. చెవులపిల్లి ఆగలేదు. తాత ఇస్త్రీ రోలర్ల దగ్గర వంగి ఉన్నాడు. ఆయన భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"తప్పు చెప్పాను తాతా. వేగం పెరిగింది. చాలా పెరిగింది. మొదటి నుంచీ పెరుగుతూనే ఉంది."

తాత చేతిలోంచి నూనె డబ్బా జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

పిండే గది ముందు సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు. "ఏంటి తాతా, ఆపుతావా? బయట బళ్ళు నిలబడి ఉన్నాయి! ఎక్కువ తిరిగితే త్వరగా పిండుతుంది, త్వరగా ఆగుతుంది, అంతేగా! ఇన్నాళ్ళూ ఏమైనా అయిందా?" తాతకి అందులో ఒక్క ముక్క వినపడలేదు. అది మంచిదే అయింది. సూపర్‌వైజరుని పక్కకి నెట్టి ఆ గది పెద్ద స్విచ్చు కిందికి లాగేశాడు.

మోటారు గొంతు పడిపోయింది. డ్రమ్ము ఆగలేదు. అంత బరువు ఒకసారి పరుగందుకున్నాక కరెంటు తీసినంత మాత్రాన నిలబడదు, తనంతట తాను అలిసిపోవాలి. అలిసేకొద్దీ ఊగడం మొదలుపెట్టింది. వేగంగా ఉన్నప్పుడు బిగపట్టుకున్న వణుకంతా ఇప్పుడు బయటికి వస్తోంది. గుమ్మం అదిరింది. పైనుంచి సున్నం రాలింది.

సందులో పిన్ని తలెత్తింది. కరెంటు పోయిందనుకుని, దుప్పట్ల బండి పక్కకి తోసి, బయటికి రావడానికి బెల్టు పక్కగా ఒదిగింది.

చెవులపిల్లికి టక్ వినపడింది. దాని తోక కూడా వినపడింది. టక్‌చ్చ్. టక్‌చ్చ్. అతుకు దగ్గర క్లిప్పులు ఒక్కొక్కటే ఊడుతున్నాయి.

ఆమె రెండు అరచేతులూ ముందుకి చాపింది, ఆగమని. ఆ మోతలో కేకకి అర్థం లేదు. పిన్ని ఆగింది, ఏంటే అన్నట్టు గడ్డం ఎగరేసింది. చెవులపిల్లి తను గుమ్మంలో చతికిలబడి, కూర్చో, కూర్చో అని చేతులతో నేలని కొట్టింది.

పిన్ని ఒక్క క్షణం చూసింది. తను మారలేదని తన ఒళ్ళు చెబుతున్నా, మారావని ఈ పిల్ల అన్న మాటనే ఆవిడ నమ్మింది. ఆ మాట తప్పని ఆవిడకి ఇంకా తెలియదు. అందుకే ఇప్పుడూ నమ్మింది. బండి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

బెల్టు తెగింది. నల్లటిది ఏదో ఒక్కసారి గదంతా చుట్టి, పిన్ని తల అంతకుముందు ఉన్న ఎత్తులో వెనక గోడని కొట్టింది. పెళ్ళలు లేచాయి. డ్రమ్ము ఒక పక్కకి ఒరిగి తొడుగుకి రాసుకుంటూ అరిచింది. ఆ అరుపు సన్నబడింది, మూలిగింది, ఆగింది.

అంత నిశ్శబ్దంలో ఆ గదిని ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బండి వెనక నుంచి దగ్గు వినపడింది. చెవులపిల్లి పాకుతూ వెళ్ళింది. పిన్ని జుట్టు నిండా సున్నం. ఒళ్ళో తడి దుప్పటి, దాన్ని గుండెకి హత్తుకునే ఉంది. చెయ్యి కాస్త గీసుకుంది, అంతే.

"ఏమైందే?"

"నువ్వు నెమ్మదించలేదు పిన్నీ. నువ్వు అలాగే ఉన్నావు. డ్రమ్మే పరిగెత్తింది. నా కంప్యూటరు దాన్ని వెనక్కి లాగింది, దాంతోపాటు నీ గొంతునీ సాగదీసింది. లాగమని నేనే చెప్పాను. చెప్పి మర్చిపోయాను."

పిన్ని జుట్టులోంచి సున్నం దులుపుకుంది. "అయితే ఇన్నాళ్ళూ ఆ చేదు మాత్రలు ఊరికే మింగానా?"

పిన్ని వెంటనే లేవలేదు. కాసేపు కూర్చుంటానంది. తాత పక్కన చేరి ఆవిడ చేతి మీద గీత తుడుస్తున్నాడు. సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి తాళంచెవుల గుత్తిని గుప్పిట్లో బిగించాడు. "బెల్టేగా తెగింది" అన్నాడు. "ఆ రెండోది మామూలుగానే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు" అన్నాడు. ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు.

గోడ అవతల పొడుగామె డ్రమ్ము కొత్త విడత ఎత్తుకుంది. ఇక్కడి సంగతి ఆవిడకింకా తెలియదు.

పిన్ని అలవాటు చొప్పున ఆ దుప్పటి మీద చెయ్యి రాస్తూ రాగం ఎత్తుకుంది. ఎవరూ ఆవిణ్ణి ఆపలేదు. తలవాల్చి, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే తన దారిన తను పాడింది. చెవులపిల్లి ఆవిడ భుజానికి తల ఆనించి వింది. మలుపు వచ్చింది. డ్రమ్ము ఆగేలోపు రెండుసార్లు పూర్తి కావాల్సిన రాగం ఇంకా మొదటిసారే, చివరి మెట్లు దిగలేదు.

గోడ అవతల డ్రమ్ము ఆగిపోయింది.

పిన్ని గొంతు అక్కడే తెగింది. కళ్ళు తెరిచి పిల్ల వైపు చూసింది. ఇద్దరూ సూపర్‌వైజరు గుప్పిట వైపు చూశారు. ఆయన తల తిప్పుకున్నాడు.

అవతల బండి చక్రాలు కిర్రుమన్నాయి. పొడుగామె తరవాతి విడతకి దుప్పట్లు సర్దుతోంది.

"పరిగెత్తవే" అంది పిన్ని.

చెవులపిల్లి అప్పటికే లేచింది. గుమ్మం దాటుతుండగా, గోడ అవతల మూత బిగిసిన చప్పుడు వినపడింది.